లేని దీవికి నమ్మదగ్గ ఆచారాలు ఎక్కడ పుడతాయి?

క్లుప్తంగా: కల్పిత దీవికి జానపద సంస్కృతి అల్లేవాళ్లు చాలామంది వింతల దగ్గర మొదలుపెడతారు. నిజం దీవుల్లో ఆచారాలు కొరత దగ్గర, భయం దగ్గర, ఋతువుల దగ్గర పుట్టాయి. తర్వాత వాటి కారణాలు సగం మరుగున పడ్డాయి. పుట్టుకతో పాటు ఈ అరుగుదల కూడా కనిపించినప్పుడే ఊహించిన ఊరు నిజం ఊరిలా అనిపిస్తుంది. విశాఖ తీరం, 1704 నాటి ఒక లండన్ మోసం, ట్రోబ్రియాండ్, సిమెలూ దీవుల ఆధారంగా ఆ తీరు ఎలా ఉంటుందో ఈ వ్యాసం చూస్తుంది.

ఖాళీ సముద్రం, ఒకే మూస

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద నిలబడి తూర్పుకి చూస్తే ఓడలు కనిపిస్తాయి, దీవులు కనిపించవు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టు బ్లెయిర్‌కి ఇక్కడి నుంచి ఓడలో రెండు రోజులు దాటిన ప్రయాణం. మధ్యలో అంతా నీళ్లే. ఫాంటసీ నవలలు రాసేవాళ్లకి, వెబ్ సిరీస్‌లకి, వీడియో గేమ్‌లకి కథలు అల్లేవాళ్లకి ఈ ఖాళీ బాగా పనికొస్తుంది. అక్కడో దీవి ఉందనుకుంటే కాదనేవాళ్లు లేరు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. దీవికి పటం గీయడం ఒక సాయంత్రం పని. అక్కడి జనం ఏం తింటారు, ఎవరికి మొక్కుతారు, మనిషి పోతే ఏం చేస్తారు, పిల్లలకి ఏం పేర్లు పెడతారు అన్నది రాయబోయేసరికి చాలా కథల్లో ఒకే సరుకు బయటికొస్తుంది. ముఖాలకి రంగులు, మంట చుట్టూ డాన్సు, జోస్యం చెప్పే ముసలమ్మ, పౌర్ణమి నాటి బలి. చదివేవాడికి ఇది ఏ దీవి అయినా ఒకటేననిపిస్తుంది.

ఈ మూసలో లోపం వింత ఎక్కువవడం కాదు. విశాఖ పక్కనే విజయనగరంలో, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పెద్ద మాను కొసన పూజారి కూర్చుని గాలిలో ఊరేగుతాడు. ఏ కల్పిత దీవిలోనూ ఇంతకన్నా వింత దొరకడం కష్టం. అయినా పైడితల్లమ్మ సిరిమానోత్సవాన్ని కట్టుకథ అనుకునేవాళ్లు లేరు. దాని వెనక పనుల తోక ఉంది. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి చెట్టెక్కడుందో చెబుతుందని నమ్మకం. ఆ చెట్టు వెతకాలి, చెట్టున్న రైతు సరేననాలి, కొట్టాలి, చెక్కాలి, ఊళ్లోకి తేవాలి. మంట చుట్టూ డాన్సుకి అలాంటి తోక ఉండదు. ఆ కట్టెలు ఎవరు తెచ్చారో కూడా కథలో ఉండదు.

లండన్‌ను నమ్మించిన దీవి

లేని సంస్కృతిని ఉన్నట్టు నమ్మించిన పాత కేసు ఒకటుంది. 1703లో జార్జ్ సాల్మనాజర్ అనే యువకుడు లండన్ చేరి, తాను ఫార్మోసా దీవివాడినని, అంటే ఇవాళ్టి తైవాన్‌వాడినని చెప్పుకున్నాడు. నిజానికి అతను యూరప్‌వాడే, ఫ్రాన్స్‌లో పుట్టి ఉంటాడని అంచనా. ఆసియాలో అడుగు పెట్టిన మనిషి కాదు. అతని అసలు పేరు ఇప్పటికీ బయటపడలేదు. 1704లో ఫార్మోసా మీద ఏకంగా పుస్తకమే అచ్చు వేశాడు. అక్కడి లిపి, భాష, దుస్తులు, దేవుళ్లు, పండగలు, అన్నీ సొంతంగా అల్లినవే. ఒళ్లు ఇంత తెల్లగా ఉందేమిటని అడిగినవాళ్లకి, మా వైపు పెద్దింటివాళ్లు నేలమాళిగల్లో కాపురముంటారు, ఎండ తగలదు అని చెప్పేవాడు.

కొన్నేళ్లు బండి బాగానే నడిచింది. ఇరుకున పడేసినవి అతను చెప్పిన వింతలు కాదు, లెక్కలు. ఫార్మోసాలో ఏటా 18,000 మంది మగపిల్లల్ని బలి ఇస్తారని అతను రాశాడు. ఏటా అంతమంది పోతే దీవిలో మనుషులెలా మిగులుతారని అడిగారు. ఒక్కొక్కడికి చాలామంది పెళ్లాలుంటారని సర్దుకున్నాడు. తోకచుక్కతో పేరు ముడిపడిన ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ ఇంకా చిన్న ప్రశ్న వేశాడు. మీ దీవిలో ఎండ పొగగొట్టంలోంచి నేరుగా పొయ్యి మీద పడుతుందా? పడదన్నాడు సాల్మనాజర్. కర్కాటక రేఖ ఆ దీవి మీదుగానే పోతుంది, ఏడాదిలో సూర్యుడు నడినెత్తికి వచ్చే రోజులు అక్కడ ఉంటాయి, మరి పడాలి కదా! మా పొగగొట్టాలు వంకరగా కడతారని తప్పించుకున్నాడు. చివరికి మోసం తనే ఒప్పుకున్నాడు. 1763లో పోయాక, మరుసటి ఏడు అతని ఆత్మకథ వెలుగు చూసింది.

కల్పన రాసేవాళ్లకి ఈ కేసులో రెండు సంగతులు పనికొస్తాయి. ఒకసారి అన్నమాటను మళ్లీ మార్చకూడదని సాల్మనాజర్ నియమం పెట్టుకున్నాడు. జనం నమ్మడానికి అది సాయం చేసింది, ఇరుక్కోవడానికీ అదే కారణమైంది. రెండోది, వినేవాళ్లు వంకరగొట్టాల దాకా కూడా రావడానికి సిద్ధపడ్డారు. ఎండ ఎటు పడుతుందో, ఏటా ఎందరు పుట్టి ఎందరు పోతారో తేలని చోట మాత్రం లిపీ భాషా కలిసి కూడా దీవిని నిలబెట్టలేకపోయాయి.

భయం ఉన్న చోట మంత్రం

న్యూగినీకి పక్కనున్న ట్రోబ్రియాండ్ దీవుల్లో మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ 1915 నుంచి 1918 మధ్య విడతలుగా ఉండి అక్కడి జీవితాన్ని దగ్గరగా చూశాడు. చేపల వేట గురించి అతను గమనించిన విషయం ఇప్పటికీ చర్చల్లో నలుగుతూనే ఉంది. ఒడ్డు లోపలి ఉప్పుకయ్యలో వేట సులువు, ప్రమాదం తక్కువ, చేప దాదాపు ఖాయం. అక్కడ మంత్రతంత్రాలు లేవు. బయటి సముద్రంలో వేటకి మాత్రం దండిగా తంతులున్నాయి. అక్కడ గాలి మారితే మనిషి తిరిగి రాడు, చేప పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఈ సూత్రం మీద వాదం కూడా ఉంది. 1906-08 మధ్య అండమాన్లలో పనిచేసిన ఇంకో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ తర్వాతి రోజుల్లో దీన్ని తిరగేసి చూపించాడు. భయం తంతుని పుట్టించడమే కాదు, తంతు కూడా భయాన్ని పుట్టిస్తుందని అతని వాదన. కొబ్బరికాయ కొట్టే ఆచారమున్న చోట, కొట్టకుండా బయల్దేరినవాడికి రోజంతా టెన్షన్. కథకి ఈ రెండూ కావాల్సినవే. మొదటిది ఆచారం ఎక్కడ పెట్టాలో చెబుతుంది. రెండోది ఆచారం తప్పినవాడి మనసులో ఏం జరుగుతుందో చెబుతుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈ తేడాని దుర్భిణి లేకుండానే చూడొచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకి నిషేధం. ఆ రెండు నెలలూ వలలు అల్లుకోవడం, పడవలకి రంగులు వేయడం, ఇంజన్లు విప్పి బాగుచేయడం. మళ్లీ నీళ్లలోకి దిగే రోజున గంగమ్మకి పసుపు కుంకుమ, కొబ్బరికాయ. ఐసు లారీ వచ్చిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టేవాళ్లు లేరు. ఐసుకి గాలివాన భయం లేదు మరి.

ఆ 61 రోజులు ప్రభుత్వ ఉత్తర్వుతో వచ్చినవన్నది కూడా గమనించాల్సిన విషయమే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలన్న ఉద్దేశంతో పెట్టిన నిబంధన అది. కాగితం మీద మొదలైనా, పనులూ అప్పులూ ఖాళీ రోజులూ దాని చుట్టూ సర్దుకుని అదొక ఋతువులా మారిపోయింది. కల్పిత దీవిలోనూ క్యాలెండర్ని నక్షత్రాల నుంచి మొదలుపెట్టడం కన్నా, సముద్రం మూసుకునే రోజులెప్పుడో తేల్చుకుని మొదలుపెడితే పని తేలిక. బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా వర్షాకాలానికి ముందు ఒక విడత, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో విడత వస్తాయి. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడింది 2014 అక్టోబరు 12న. ఇలాంటి సముద్రంలో ఉన్న దీవి అక్టోబరులో పడవల పందేలు పెట్టుకోదు. పెళ్లిళ్లు, గొడవల పంచాయితీలు, కథలు చెప్పుకునే రాత్రులు మగవాళ్లు ఒడ్డునే ఉండిపోయే ఆ నెలల్లోకే చేరతాయి.

ఏడుతాళ్లదిబ్బ: ఒక నమూనా

మాటకి ఒక దీవి అనుకుందాం. పేరు ఏడుతాళ్లదిబ్బ. పొడవు ఐదు కిలోమీటర్లు, వెడల్పు ఒకటి. అంతా ఇసుక. రెండు పేటలు, ఎగువపేట, దిగువపేట. మొత్తం 600 మంది. సముద్రం మీంచి వచ్చేవాళ్లకి దూరాన్నుంచే కనిపించిన ఏడు తాటిచెట్ల వల్ల ఆ పేరు వచ్చిందని ఎగువపేటవాళ్లంటారు. ఇప్పుడక్కడ తాళ్లు నాలుగే. దిగువపేటవాళ్ల మాట వేరు. మొదటి పడవ తుపానుకి కొట్టుకుపోకుండా ఏడు తాళ్లతో కట్టారట, ఆ తాళ్లట అవి. తెలుగులో రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి కాబట్టి ఈ తగువు తేలేది కాదు. ఊరి పేరుకి ఒకే కథ ఉంటే అది రచయిత చెప్పినట్టుంటుంది, రెండుంటే ఊరు చెప్పినట్టుంటుంది.

ఇప్పుడు కొరతలు. చిన్న ఇసుక దీవుల్లో మంచినీరు ఎక్కడో ఊటగా పుట్టదు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. సముద్రమట్టం కన్నా ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచిందంటే దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీరు ఉన్నట్టు లెక్క. నూతిలో నీళ్లు అతిగా తోడితే ఆ లెక్క తిరగబడి, అడుగునుంచి ఉప్పు పైకొస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన నుయ్యి మళ్లీ వానలు బాగా పడేదాకా కోలుకోదు.

600 మందికి ఉన్నవి రెండే నూతులు. ఈ ఒక్క సంగతి నుంచి ఎన్ని ఆచారాలు రాలతాయో చూడొచ్చు. పొద్దు గూకాక నూతిలో చేద వేయకూడదు, నుయ్యి నిద్రపోతుంది. చావు స్నానం సముద్రంలోనే, నూతి నీళ్లతో కాదు. చుట్టాలొస్తే చేతిలో కడవ ఉండాలి, ఒట్టి చేతులతో వచ్చిన చుట్టానికి మర్యాద తక్కువ. పెళ్లికూతురు అత్తారింటికి వచ్చిన మర్నాడు మొదటి కడవ తేవాలి. అది నిండుగా తెస్తే గర్వమని, తక్కువ తెస్తే పిసినారని అంటారు, ముప్పాతిక కడవ తేవాలి. తిట్లలోనూ నీళ్లే. "నీళ్లు పారబోసిన కొంప" అన్నారంటే అక్కడ కత్తులు లేస్తాయి.

రెండో కొరత కలప. ఇసుక దీవిలో పడవకి పనికొచ్చే చెట్టు ఉండదు. వానాకాలంలో నదులు సముద్రంలోకి తోసిన దుంగలు అలల మీద కొట్టుకొస్తాయి. దుంగ ఎవరిది? ముందు చూసినవాడిదా, ముందు తాకినవాడిదా? ఏడుతాళ్లదిబ్బలో రివాజు ఇలా ఉంటుంది. దుంగ కనబడగానే పరిగెత్తి, దాని మీద తడి తుండుగుడ్డ వేసినవాడిది ఆ దుంగ. తడి ఎందుకంటే, నీళ్లలోకి దిగి తాకాడనడానికి అదే సాక్ష్యం. ఒకప్పుడు దిగువపేటవాడెవడో ఒడ్డునే నిలబడి పొడి తుండు విసిరాడట. అది దుంగ మీదే పడి అలకి తడిసింది. ఆ దుంగతో వాళ్లు పడవ కట్టేశారు. మూడు తరాలైనా ఆ పడవని ఎగువపేటలో "పొడితుండు పడవ" అనే అంటారు, అసలు పడవ ఎప్పుడో చివికిపోయినా. ఇంత విలువైన కలపని చితికి వాడరు కాబట్టి అక్కడ శవాన్ని పూడ్చడమే పద్ధతి. బయటినుంచి వచ్చినవాడికి అది మత విశ్వాసంలా కనిపిస్తుంది.

వాద్యాలకీ ఇదే వరస. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లలో తప్పెటను గుండెకి కట్టుకుని రెండు చేతులతో వాయిస్తూ చిందేస్తారు. కంజిరకి పాతకాలంలో ఉడుము తోలు వాడేవారు. ఏటికొప్పాక లక్క బొమ్మలకి ఆ చుట్టుపక్కల దొరికే అంకుడు కర్రే ఆధారం. పశువులు లేని దీవిలో తోలు డప్పు మోగించాలంటే ఆ తోలు ఎక్కడిదో రచయితకి తెలిసి ఉండాలి. లేదంటే అక్కడి జనం పగిలిన పడవ పలకనే వాయించుకోవాలి.

కారణం మరిచిపోవడం

ఇక్కడే చాలా శ్రద్ధగా పనిచేసేవాళ్లు కూడా తప్పటడుగు వేస్తారు. ప్రతి ఆచారానికీ ఒక ఉపయోగం దొరికాక, పాత్రల చేత ఆ ఉపయోగం చెప్పించేస్తారు. "ఉప్పునీరు పైకి రాకుండా ఉండాలని మా పెద్దలు ఈ నియమం పెట్టారు" అని దీవి ముసలాయన అన్నాడంటే అతను ముసలాయన కాదు, భూగర్భజల శాఖ ఇంజనీరు. ఊళ్లో నుయ్యి నిద్రపోతుందంతే. ఎందుకు నిద్రపోతుందని అడిగిన పిల్లాడికి దొరికేది మొట్టికాయ.

విశాఖ పాతబస్తీ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు ఉండదు. భక్తులే స్వయంగా పూజ చేసుకుంటారు, మార్గశిర మాసంలో గురువారాలు క్యూలు వీధుల్లోకి పాకుతాయి. ఆలయం చెప్పుకునే కథలో రోడ్డు వెడల్పు సంగతి ఉంది, ప్లేగు ఉంది. 1917లో రోడ్డు పనికని విగ్రహాన్ని కొంచెం పక్కకి జరిపారని, ఊళ్లో ప్లేగు చెలరేగిందని, మళ్లీ పాత చోటే పెట్టాక తగ్గిందని కథ. పైకప్పు ఎందుకు లేదంటే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. జానపదం అనగానే అడవీ ఆదికాలమూ అనుకునేవాళ్లు ఈ కథను గమనించాలి. ఇందులో మున్సిపాలిటీ ఉంది, అంటురోగం ఉంది, నగరం ఉంది. కల్పిత దీవి పురాణంలోనూ ఒక లైట్‌హౌసు గుమాస్తా, ఒక టీకాల ఓడ ఉండొచ్చు. నిజానికి ఉంటేనే బాగుంటుంది.

అన్ని కారణాలూ మరుగున పడతాయని కాదు. సుమత్రా పడమటి వైపున్న సిమెలూ దీవిని 1907లో సునామీ ముంచెత్తింది, చాలామంది పోయారు. బతికినవాళ్లు ఆ అలకి "స్మోంగ్" అని పేరు పెట్టి, భూమి కదిలాక సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని జోలపాటల్లో, కథల్లో పిల్లలకి నూరిపోశారు. 97 ఏళ్ల తర్వాత, 2004 డిసెంబరు 26న, భూకంప కేంద్రానికి దగ్గరగా ఉన్న ఆ దీవిలో దాదాపు 78,000 మంది జనాభాకి చనిపోయినవాళ్లు ఏడుగురు.

పైకప్పు కారణం చెదిరిపోయి, స్మోంగ్ కారణం నిలవడానికి కొంత వివరణ ఉంది. స్మోంగ్‌లో ఒక చిన్న మాట, ఒక గుర్తు, చేయాల్సిన ఒక పని కలిసి ఉన్నాయి. దానికి పూజారి అక్కర్లేదు, ప్రతి తల్లికీ తెలుసు. పెద్ద పురాణగాథగా ఉంటే తరానికో చేర్పు పడి అసలు సంగతి పక్కకి పోయేది. కాబట్టి దీవికి ఒక హెచ్చరిక పాట రాయదలిస్తే అది గంభీరమైన పద్యంగా కాక, పిల్లాడిని ఊపే నాలుగు ముక్కలుగా ఉండడమే నమ్మకంగా ఉంటుంది.

పేర్లు చెప్పే భూగోళం

కల్పిత సంస్కృతి తొందరగా దొరికిపోయే చోటు పేర్లు. వినసొంపుగా ఉండాలని ప్రతి పాత్రకీ వేరే వేరే కొత్త శబ్దం తయారుచేస్తారు. నిజం ఊళ్లో పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ఉత్తరాంధ్రలో ఏదైనా ఓటర్ల జాబితా తిరగేస్తే అప్పన్న, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, వరహాలు కనిపిస్తారు, అందరూ సింహాద్రి అప్పన్న మనుషులే. సింహాచలం పేరు మగవాళ్లకీ ఉంది, ఆడవాళ్లకీ ఉంది. పైడిరాజు, పైడమ్మల వెనక విజయనగరం అమ్మవారు, నూకరాజు, నూకరత్నంల వెనక అనకాపల్లి నూకాలమ్మ. జాబితా చూసి ఏ దేవత పలుకుబడి ఎందాకా ఉందో పటం గీయొచ్చు. ఒకే పేరువాళ్లు నలుగురుంటే విడగొట్టడానికి మారుపేర్లు పుడతాయి, పొట్టి అప్పలరాజు, బోటు అప్పలరాజు. కథకి ఇది ఇబ్బందే, చదివేవాళ్లు తికమకపడతారు. కానీ 600 మంది దీవిలో 600 పేర్లుండవు.

ఇంకో పొరపాటు, దీవంటే ఒంటరిదనుకోవడం. నీళ్లు మనుషుల్ని విడదీసినంతగా కలుపుతాయి కూడా. విశాఖ తీరం మీద తొట్లకొండలో బౌద్ధ ఆరామం శిథిలాలున్నాయి, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. మేస్త్రి, ఇస్త్రీ, పాదిరి, అనాస అనే మాటలు పోర్చుగీసు వైపు నుంచి వచ్చాయని పలికేవాళ్లెవరూ తలుచుకోరు. మిరపకాయ ఈ దేశానికి వచ్చింది ఆ ఓడల కాలంలోనే. పదో శతాబ్దపు దీవిలో వాళ్ల చేత పచ్చిమిర్చి కొరికించే ముందు ఇది గుర్తుండాలి. బయటి ఛాయలే లేని శుద్ధ భాష, శుద్ధ వంట ఉన్న దీవి కాగితం దీవే.

కలగలుపు ఎంత వేగంగా జరుగుతుందో పసిఫిక్‌లోని పిట్‌కెయిర్న్ దీవి చూపిస్తుంది. 1790లో తిరుగుబాటు చేసిన బ్రిటిష్ నావికులు తొమ్మిదిమంది, తాహితి వైపు నుంచి వెంట వచ్చిన ఆరుగురు మగవాళ్లు, కొందరు ఆడవాళ్లు ఆ దీవిలో దిగారు. కొన్నేళ్లకే మగవాళ్లు చాలామంది ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. మిగిలిన కుటుంబాల పిల్లల నోట ఇంగ్లిషూ తాహితీ కలిసిన కొత్త భాష వచ్చింది. సంస్కృతి అంటే వేల ఏళ్లు ఉండాలనేం లేదు, రెండు తరాలు చాలు.

తిండి విషయంలో ఒక్క మాట. దీవి అనగానే చేపలని రాసేస్తారు. స్కాట్లండ్‌కి పడమట అట్లాంటిక్‌లో ఉన్న సెయింట్ కిల్డా జనం ప్రధానంగా సముద్ర పక్షుల మీద బతికారు. చుట్టూ సముద్రం ఎప్పుడూ ఉగ్రంగా ఉండేది, కొండచరియల మీద పక్షులు లక్షల్లో ఉండేవి. తాళ్లు కట్టుకుని దిగి పక్షుల్నీ గుడ్లనీ పట్టేవారు, శిస్తు కూడా ఈకలూ నూనె రూపంలో కట్టేవారు. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందినీ అక్కణ్నుంచి తరలించారు. చుట్టూ ఏముందన్నది కాక చేతికి ఏం అందుతుందన్నదే వంటని నిర్ణయించింది.

తగువు, అప్పు

కల్పిత దీవి జనం అంతా ఒకే మాట మీద ఉంటారు, ఇది మరో మూస. విశాఖ తీరంలో 2022 జనవరిలో రింగు వలల మీద మత్స్యకారుల మధ్యే గొడవ జరిగి పడవలు తగలబడ్డాయి. ఒకే సముద్రం, ఒకే గంగమ్మ. అయినా ఏ వల వేయొచ్చు, ఒడ్డుకి ఎంత దూరంలో వేయొచ్చు అన్నదగ్గర తేడా వచ్చింది. సంప్రదాయం అనే మాట కూడా అలాంటి గొడవల్లో ఒక పక్షం చేతిలో ఆయుధమవుతుంది. కర్ర తెప్ప పోయి ఫైబర్ తెప్ప వచ్చింది, తెడ్డు పక్కన ఇంజను చేరింది, పసుపు కుంకుమ ఇంజనుకీ పూశారు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది అడిగిన మనిషిని బట్టి ఉంటుంది. ఏడుతాళ్లదిబ్బలోనూ ఆచారం పాటించేవాడితో పాటు, విసుక్కుంటూ పాటించేవాడు, చాటుగా తప్పించుకునేవాడు, దాని మీద డబ్బు చేసుకునేవాడు ఉండాలి.

నిజం సమాజాల నుంచి అప్పు తెచ్చుకోవడం మీద కూడా ప్రశ్నలున్నాయి. ఏదో ఒకచోట నుంచి తీసుకోకుండా ఎవరూ ఏదీ అల్లలేరు, ఇక్కడి నమూనా కూడా సగం జాలరిపేటల నీడలోదే. అభ్యంతరం తెచ్చుకునే తీరు దగ్గర వస్తుంది. అరకు థింసాలో అడుగులు మాత్రం ఎత్తుకొచ్చి, అవి ఎవరివో వాళ్లని కథలో మూఢులుగా చూపించడం ఒక రకం. అండమాన్ ఆదివాసుల్ని నరభక్షకులుగా రాయడం ఇంకా పాత రకం, సాల్మనాజర్ అమ్ముకున్నదీ ఆ సరుకే. సెంటినల్ దీవి వంటి చోట్లకి బయటివాళ్లు పోకుండా 1956 నాటి నిబంధన ఉంది. అక్కడి మనుషులు ఎలా ఉంటారో తెలియదు కాబట్టి ఏమైనా రాయొచ్చు అనుకుంటే, ఆ రాతే బయటి జనానికి వాళ్ల మీద తెలిసిన ఒకే సమాచారమై కూర్చుంటుంది. రూపం కాక తర్కం అప్పు తెచ్చుకుంటే ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. నీటి కొరత నుంచి ఆచారం ఎలా పుడుతుందన్నది ఎవరి సొత్తూ కాదు. ఫలానా కులదేవత ముందు పాడే పాట మాత్రం కొందరిది.

పేజీ మీద ఎంత కనిపించాలి

నూతుల లెక్క, కలప లెక్క, తుపాన్ల నెలలు, మూడు తరాల తగువులు, ఇవన్నీ రచయిత నోటుబుక్కులో ఉండాల్సినవి. కథలోకి పదో వంతు వచ్చినా ఎక్కువే. వీడియో గేమ్‌కైతే ఈ పని ఇంకా తేలిక. ఆటగాడు రాత్రిపూట నూతి దగ్గరికి వెళ్తే చేద కనబడదు, ఎవరో ఇంట్లోకి తీసుకుపోయి ఉంటారు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. నవలలో అయితే, తెల్లారుజామున ఒడ్డున ఒక దుంగ, దాని మీద తుండుగుడ్డ. ఎగువపేట కుర్రాడు ముందు దుంగ వైపు కాకుండా తుండు వైపు చూస్తాడు. వంగి కొస పట్టుకుని పిండి చూస్తాడు.